నాలుగేళ్ల హస్కీని షెల్టరు నుంచి నెల్లూరుకు తెచ్చుకోవచ్చా?

నమస్కారం అండి. నేను ఒంగోలులో పశువైద్యురాలిని. మా ఇంట్లోనూ ఒక హస్కీ, అంటే సైబీరియా మంచు ప్రాంతపు జాతి కుక్క, ఉంది. దాన్ని కొనలేదు, పెంచుకున్నవాళ్లు వద్దనుకుంటే తెచ్చుకున్నాం. అందుకని మీ ప్రశ్నకు వైద్యురాలిగానూ, రోజూ ఆ కుక్కతో ఇంట్లో మసలే మనిషిగానూ జవాబు రాస్తున్నాను. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదవండి.

మీరు చెప్పిన వివరాలు ఇవి. నెల్లూరు వేదాయపాళెంలో సొంత ఇల్లు, ముందు కొద్దిగా మట్టి స్థలం, నాలుగున్నర అడుగుల ప్రహరీ. ఇంట్లో మీరు, మీ భార్య, పదేళ్ల బాబు, మీ అమ్మగారు. చెన్నైలోని ఒక యానిమల్ షెల్టరులో నాలుగేళ్ల మగ హస్కీని చూసి మనసు పడ్డారు. గోడ దూకుతోందని, రాత్రిళ్లు ఊళ వేస్తోందని పాత యజమానులు దాన్ని అక్కడ వదిలేశారు. షెల్టరు వాళ్లు కూడా “చాలా హుషారు కుక్క, బాగా ఆలోచించుకోండి” అన్నారు. మన ఎండను తట్టుకుంటుందా, వయసు పెరిగితే నెమ్మదిస్తుందా, పగలు మేడ మీద ఉంచవచ్చా, ఇంటికి కాపలా ఉంటుందా అన్నవి మీ సందేహాలు.

కాపలా ఉండదు. కొత్తవాళ్లు గేటు తీస్తే తోక ఊపుతూ ఎదురు వెళ్లే జాతి ఇది. మీకు కావలసింది కాపలాయే అయితే అదే షెల్టరులో మంచి నాటు కుక్కలు ఎన్నో ఎదురు చూస్తుంటాయి, వాటిలో ఒకదాన్ని తెచ్చుకోండి. మన వాతావరణానికి పుట్టిన కుక్క, మీ ఇంటిని ప్రాణంలా చూసుకుంటుంది. మేడ మీద ఉంచడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కుదరదు. మిగిలిన రెండు ప్రశ్నలకు ఒక్క మాటలో జవాబు లేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. హస్కీ పిల్లను కొంటామని ఎవరైనా వస్తే వద్దనే చెబుతాను, కోస్తాలో అయితే మరీ గట్టిగా చెబుతాను. కొనేవాళ్లు ఉన్నంతకాలం నీలి కళ్ల పిల్లలను ఈ ఎండల్లో పుట్టించి అమ్మేవాళ్లు ఉంటారు. మీరు అడుగుతున్నది వేరు. ఆ కుక్క ఇప్పటికే ఇక్కడ ఉంది, దాన్ని సైబీరియాకు పంపలేం. దానికి ఒక ఇల్లు కావాలి. మీరు తెచ్చుకోవచ్చు, కానీ ఒక షరతు ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఆ కుక్క పగలంతా ఇంటి లోపల, మనుషుల మధ్య ఉండాలి. దాని కోసం మీ ఇంట్లో ఒకరు రోజూ కోడికూతకు లేవాలి. ఈ రెండూ చేయగలరో లేదో ఇంట్లో అందరూ కూర్చుని నిజాయితీగా మాట్లాడుకోండి. చేయలేమని తేలితే ఆగిపోవడమే ఆ కుక్కకు మేలు.

ఇక ఎండ సంగతి. అన్నిటికన్నా పెద్దది ఇదే కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తాను.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్లలో కొద్దిగా పడుతుంది, అది ఒంటిని చల్లబరచడానికి చాలదు. నోటిలో, నాలుక మీద, శ్వాస మార్గంలో ఉన్న తడి ఆవిరైతేనే ఒంటి వేడి బయటికి పోతుంది. రొప్పడం అందుకే. గాలిలో తేమ ఎక్కువైతే ఆ తడి సరిగా ఆవిరి కాదు. మైపాడు నుంచి వచ్చే సముద్రపు గాలి మనకు హాయిగా అనిపించే సాయంత్రం కూడా కుక్క నాలుక చాచి రొప్పుతూనే ఉండడానికి కారణం ఇది. అందుకే థర్మామీటరు చూసి మాత్రమే నిర్ణయం తీసుకోవద్దని మా దగ్గరికి వచ్చేవాళ్లకు చెబుతుంటాను. మార్కాపురం, కనిగిరి వైపు ఎండ తీవ్రంగా ఉన్నా గాలి పొడిగా ఉంటుంది. నెల్లూరులో అంతకన్నా నాలుగు డిగ్రీలు తక్కువగా ఉన్న ఉక్కపోత రోజు హస్కీకి ఎక్కువ ప్రమాదం తేవచ్చు.

మన ఒంగోలు గిత్తను చూడండి. తెల్లని పొట్టి వెంట్రుకలు, వదులుగా వేలాడే చర్మం, పెద్ద గంగడోలు, చక్కగా పనిచేసే స్వేద గ్రంథులు. ఒంట్లో ప్రతి భాగమూ వేడిని బయటికి పంపేందుకే తయారైనట్లు ఉంటుంది. హస్కీ దీనికి పూర్తిగా వ్యతిరేకం. సైబీరియా ఈశాన్య కొనలో చుక్చీ ప్రజలు మంచు మీద బళ్లు లాగించడానికి పెంచిన కుక్క అది. దాని బొచ్చు రెండు పొరలు. పైన పొడుగైన గట్టి వెంట్రుకలు, కింద దట్టమైన మెత్తని ఉన్ని. వేడిని ఒంట్లోనే దాచుకోవడం దాని పని.

అయితే గుండు చేయిస్తే సరిపోతుంది కదా అని చాలామంది అడుగుతారు. చేయించవద్దు. పై పొర ఎండ నేరుగా చర్మానికి తగలకుండా అడ్డుకుంటుంది. గొరిగించిన హస్కీలకు వీపు మీద చర్మం కమిలిపోయిన కేసులు మా దగ్గరికి వస్తూనే ఉన్నాయి. కొన్నిటికి ఆ బొచ్చు మళ్లీ సరిగా రాలేదు కూడా. చేయవలసింది ఏమిటంటే, ఊడిపోయిన లోపలి ఉన్నిని పళ్ల దువ్వెనతో బయటికి తీసేయడం. రేక్ అని అడిగితే పెంపుడు జంతువుల సామాను అమ్మే దుకాణాల్లో ఇస్తారు. చల్లని దేశాల్లో హస్కీ ఏడాదికి రెండు విడతలుగా బొచ్చు రాలుస్తుంది. మన దగ్గర దాదాపు ఏడాది పొడుగునా రాలుస్తుంది. వారానికి మూడు నాలుగు సార్లు దువ్వితే గాలి చర్మం దాకా వెళుతుంది. మీ అమ్మగారికి ఈ మాట ముందే చెప్పండి. ఎంత ఊడ్చినా ఇంట్లో వెంట్రుకలు కనిపిస్తాయి. పూజగదికి, వంటింటికి చిన్న అడ్డుగేట్లు పెట్టించండి. ఆమె మడి ఆచారాలకు ఇబ్బంది రాకుండా మొదటి రోజు నుంచే ఏర్పాటు ఉంటే కుక్క మీద ఆమెకు విసుగు పుట్టదు.

వేసవి దినచర్య ఇలా ఉండాలి. నడక తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలై సూర్యుడు పైకి వచ్చేలోగా ముగియాలి. సాయంత్రం ఎనిమిది దాటాకే మళ్లీ బయటికి. తారు, సిమెంటు పగటి వేడిని చీకటి పడ్డాక కూడా వదలవు. మీ అరచేతి వెనక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ రోడ్డు మీద కుక్కను నడిపించకూడదు. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం దాకా అది ఇంటి లోపలే ఉండాలి, ఏసీ ఉన్న గదిలో అయితే మంచిది. ఇరవై నాలుగు, ఇరవై ఐదు డిగ్రీలు చాలు, గదిని గడ్డకట్టించనక్కరలేదు. ఎయిర్ కూలర్ మార్కాపురంలో పనిచేస్తుంది, నెల్లూరు ఉక్కలో అది గదిలో తేమను పెంచి రొప్పడాన్ని ఇంకా కష్టం చేస్తుంది. కరెంటు పోయినప్పుడు ఏం చేస్తారో ముందే ఆలోచించుకోండి. ఇన్వర్టరు మీద ఫ్యాను తిరుగుతుంది, ఏసీ సాధారణంగా నడవదు. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గచ్చు ఎక్కడుందో చూసి దాని పక్క అక్కడే వేయండి. వెడల్పాటి తొట్టిలో నాలుగు వేళ్ల లోతు నీళ్లు పెడితే అది తనంతట తానే వెళ్లి పొట్ట ఆనించి పడుకుంటుంది.

మేడ మీద ఎందుకు వద్దన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. పగలంతా కాగిన కాంక్రీటు స్లాబు అర్ధరాత్రి దాకా వేడిని వదులుతూనే ఉంటుంది. రేకుల షెడ్డు కింద కట్టేసి, నీళ్లు పెట్టాం కదా అనుకుని పనికి వెళ్లినవాళ్లు మధ్యాహ్నానికి కుక్కను చేతుల మీద మోసుకొచ్చిన సందర్భాలు చూశాను. అన్నిటినీ బతికించలేకపోయాం. ఇది మీకు భయం పెట్టడానికి రాయడం లేదు. ఈ చావులన్నీ ఆపగలిగినవే.

వడదెబ్బ గుర్తులు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి, బాబుతో సహా. ఆగకుండా పెద్ద శబ్దంతో రొప్పడం, జిగటగా కారే చొంగ, చిగుళ్లు ముదురు ఎరుపెక్కడం, తూలుతూ నడవడం, వాంతులు, నెత్తురు విరేచనాలు. కుక్క మామూలు ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 41 దాటితే అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. అలాంటప్పుడు ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే ఆసుపత్రికి బయలుదేరాలి. నీడలోకి తెచ్చి ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట, తొడల లోపలి వైపు, బొచ్చు లోపలికి చేరేలా కుళాయి నీళ్లు ఆపకుండా పోస్తూ ఫ్యాను పెట్టండి. తడి దుప్పటి కప్పి వదిలేయకండి, అది కాసేపటికే వేడెక్కి ఆవిరిని లోపలే ఆపేస్తుంది. తాగగలిగితే కొద్దికొద్దిగా తాగనివ్వండి, నోట్లో బలవంతంగా పోయవద్దు. 39.5 డిగ్రీలకు దిగగానే పోయడం ఆపి బయలుదేరండి. తేరుకున్నట్లు కనిపించినా ఆసుపత్రికి తప్పకుండా తీసుకెళ్లండి, మూత్రపిండాల దెబ్బ ఒకటి రెండు రోజులకు బయటపడుతుంది. మలద్వారంలో పెట్టే డిజిటల్ థర్మామీటరు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

ఇది కార్తీకం కావడం మీకు కలిసి వచ్చిన విషయం. ఇప్పుడు తెచ్చుకుంటే అది ఇంటికి, ఊరికి అలవాటు పడడానికి చల్లని నెలలు ఉన్నాయి. శివరాత్రికి చలి శివ శివా అంటూ వెళ్లిపోయాక ఉదయం నడకను వారం వారం ఇంకాస్త పెందలాడే మొదలుపెడుతూ రండి. అప్పుడు రోళ్లు పగిలే రోహిణి కార్తె నాటికి మీకూ, దానికీ కొత్త వేళలు అలవాటై ఉంటాయి. ఇదే ప్రశ్న ఏప్రిల్‌లో అడిగి ఉంటే వర్షాలు పడేదాకా ఆగమనేదాన్ని. అయితే ఈ కాలానికీ ఒక చిక్కుంది, తుపానులు. 2021 నవంబరులో పెన్నా పొంగిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అలాంటి గాలివానలో ఉరుములకు బెదిరిన కొత్త కుక్క గేటు సందులోంచి దూరి పారిపోతే దొరకడం కష్టం. మెడ బెల్టుకు మీ ఫోను నంబరు చెక్కిన బిళ్ల ఇంటికి తెచ్చిన క్షణం నుంచి ఉండాలి. మైక్రోచిప్ వేయించగలిగితే ఇంకా మంచిది.

వయసుతో నెమ్మదిస్తుందా అన్నది మీ రెండో ప్రశ్న. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణంలో డిఫ్తీరియా ప్రబలితే, సుమారు ఇరవై జట్ల కుక్కబళ్లు ఒకదాని తర్వాత ఒకటి మందును మోసి దాదాపు 1,085 కిలోమీటర్ల మంచుదారిని ఐదున్నర రోజుల్లో దాటించాయి. వాటిలో అందరికన్నా పొడుగైన దారిని లాగిన జట్టుకు ముందు నడిచిన టోగో అనే హస్కీ వయసు అప్పటికి పన్నెండేళ్లు. మీరు చూసిన కుక్కకు నాలుగు. ఈ జాతి ఆయుష్షు పన్నెండు నుంచి పదిహేనేళ్లు. రెండు మూడేళ్లలో ఒక మూల పడుకుంటుందని ఆశ పెట్టుకోవద్దు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. షెల్టరు గదిలో మీరు చూసిన గెంతులన్నీ శక్తి వల్ల వచ్చినవి కావు. రోజులో ఎక్కువ భాగం చిన్న గదిలో, చుట్టూ కుక్కల అరుపుల మధ్య గడిపే ఏ కుక్క అయినా మనిషి కనిపించగానే ఊచల మీదికి ఎగురుతుంది. అందులో చాలా భాగం ఒత్తిడి. దాన్ని బయటికి తీసి, నిశ్శబ్దంగా ఉన్న చోట అరగంట నడిపించాక ఎలా ఉంటుందో చూడండి. నడకలో నేల వాసన చూస్తూ మీ వైపు అప్పుడప్పుడు తిరిగి చూస్తుందా? చిన్న చికెన్ ముక్క చూపిస్తే కూర్చుంటుందా? అలసిపోయాక నేల మీద వాలుతుందా, లేక అలసట తెలియకుండా తిరుగుతూనే ఉంటుందా? మొదటి రెండూ ఉంటే ఇంటి జీవితం దానికి కష్టం కాదు. వీలైతే వేర్వేరు రోజుల్లో వెళ్లి చూడండి, బాబును కూడా ఒకసారి తీసుకెళ్లండి.

మన వాతావరణంలో దాని ఒంటి శక్తిని పరుగుతో తీర్చలేం. సైకిలుకు కట్టి పరుగెత్తించే వీడియోలు చూసి నెల్లూరు రోడ్ల మీద ప్రయత్నించవద్దు. మార్గశిర, పుష్య మాసాల్లో తెల్లవారుజామున కలిసి పరుగెత్తండి, మంచిదే. మిగిలిన కాలమంతా దాని బుర్రకు పని పెట్టాలి. హస్కీ ముక్కుకు, మెదడుకు ఇరవై నిమిషాల పని ఇస్తే చాలాసేపటి నడకకు సరిపోయే అలసట వస్తుంది, మా ఇంట్లో వేసవి నడిచేది దీనితోనే. అన్నం గిన్నెలో పెట్టడం మానేయండి. ఉడికించిన చికెన్ ముక్కలను పాత టవలులో చుట్టి ముడి వేసి ఇవ్వండి, అట్టపెట్టెల్లో దాచండి, గదుల్లో అక్కడక్కడా పెట్టి వెతకమనండి. పెరుగు, అన్నం కలిపి గట్టి రబ్బరు బొమ్మలో కూరి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి మధ్యాహ్నం ఇవ్వండి, ఒంటికి చల్లదనం, నోటికి పని రెండూ దొరుకుతాయి. వీటిలో చాలా పనులు మీ బాబు సంతోషంగా చేస్తాడు. వెతికించే ఆట పిల్లలకూ కుక్కలకూ మధ్య మంచి స్నేహం పెంచుతుంది.

శిక్షణ విషయంలో కొట్టడం, అరవడం పనికిరావు. మంచు పలచగా ఉన్న చోట ముందుకు పొమ్మన్నా పోకుండా ఆగే సొంత నిర్ణయం ఉండాలని తరతరాలుగా పెంచిన కుక్క ఇది. దెబ్బకు లొంగదు, మీకు దూరమవుతుంది. తనకు లాభం కనిపిస్తే మాత్రం చాలా వేగంగా నేర్చుకుంటుంది. పిలిస్తే వస్తుందిలే అని తాడు విప్పడం మాత్రం ఎంత కాలమైనా చేయకండి. కాలి కింద నుంచి ఒక పిల్లి పరుగెత్తితే అది మీ గొంతు వినదు. ఖాళీ మైదానంలో స్వేచ్ఛ ఇవ్వాలనిపిస్తే పశువులకు కట్టే నూలు తాడు పది మీటర్లది తీసుకుని, మెడకు కాకుండా ఛాతీకి వేసే పట్టీకి కట్టి వదలండి. మైపాడు తీరానికి తెల్లవారుజామున ఇలాగే తీసుకెళ్లవచ్చు. ఉప్పునీళ్లు తాగకుండా చూసుకోండి, ఎండిన చేపలు, వలల దగ్గరికి పోనివ్వకండి.

వేట బుద్ధి గురించి ఇంకాస్త చెప్పాలి. మీ వీధిలో కోళ్లు, మేకలు తిరుగుతుంటే ఇది చిన్న విషయం కాదు. హస్కీ కోడిని పట్టుకుంటే విడిపించేలోగా అయిపోతుంది. పొరుగువారి పందెం కోడి పోయిందంటే ఎంత గొడవవుతుందో మన జిల్లాల్లో ఎవరికీ చెప్పనక్కరలేదు. కుక్క తాడు ఎప్పుడూ మీ చేతిలో ఉండడమే దీనికి ఉపాయం. ఇరవై, ఇరవై ఐదు కిలోల కుక్క, అదీ లాగడానికే పుట్టిన జాతి. కాబట్టి తాడు మీ బాబు చేతికి గానీ, అమ్మగారి చేతికి గానీ ఒంటరిగా ఇవ్వవద్దు.

మీ ప్రహరీ నాలుగున్నర అడుగులంటే దానికి అడ్డే కాదు. కనీసం ఆరడుగులు ఉండాలి. పైన లోపలికి వంగిన జాలీ ఉంటే ఇంకా నమ్మకం. గోడ పక్కన నీళ్ల డ్రమ్ము, మోటారు గది, జామచెట్టు లాంటివి ఉంటే అవే మెట్లవుతాయి. పైనుంచి ఆపితే కిందనుంచి తవ్వుతుంది. చీమకుర్తి ప్రాంతంలో గ్రానైటు కోతలో మిగిలిన ముక్కలు దొరుకుతాయి, వాటిని గోడ మొదట్లో ఒకటిన్నర అడుగు లోతున నిలువుగా పాతించండి. మా ఇంటి చుట్టూ చేయించింది ఇదే, బాగా పనిచేస్తోంది. గేటు దగ్గర రెండో చిన్న గేటు పెట్టించి, ఒకటి మూశాకే రెండోది తెరవడం ఇంట్లో అందరికీ అలవాటు చేయండి. పాలవాడు, కొరియరు అబ్బాయి వచ్చే వేళలే పారిపోవడానికి దాని అదను. తవ్వకుండా పూర్తిగా ఆపాలని చూడకండి. మట్టి స్థలంలో నీడపట్టున ఒక మూల దానికి వదిలేయండి, అక్కడ తడి మట్టిలో బొమ్మలు పాతిపెట్టి తవ్వుకోనివ్వండి.

ఊళ గురించి పాత యజమానులు చెప్పింది నిజమే అయి ఉంటుంది. హస్కీ తక్కువ మొరుగుతుంది, ఎక్కువ ఊళ వేస్తుంది. సైరన్ విన్నా, గుడి మైకు విన్నా, ఒంటరిగా అనిపించినా గొంతు ఎత్తుతుంది. మన ఊళ్లలో రాత్రి కుక్క ఏడిస్తే కీడు అని నమ్మేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. ఎవరి ఇంట్లోనైనా పెద్దవాళ్లు మంచాన ఉంటే ఆ ఊళ వాళ్లను నిజంగా భయపెడుతుంది, ఆ భయాన్ని చులకన చేయకూడదు. అందుకని కుక్క రాకముందే పక్క ఇళ్లకు మీరే వెళ్లి చెప్పండి. ఇది ఈ జాతి మాట్లాడే తీరని, రాత్రి లోపలే పడుకుంటుందని, ఇబ్బంది ఉంటే ఏ వేళైనా ఫోను చేయమని చెప్పండి. మా వీధిలో ఇలా ముందే మాట్లాడుకోవడం వల్ల గొడవ రాలేదు, ఇప్పుడు పక్కింటి మామ్మగారే దాన్ని పేరు పెట్టి పిలుస్తారు. రాత్రి ఊళలకు చాలాసార్లు కారణం ఒంటరితనం. మీలో ఒకరు పడుకునే గదిలోనే దానికీ పక్క వేస్తే చాలా వరకు తగ్గుతుంది.

షెల్టరు వాళ్లను అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఎప్పుడైనా ఎవరినైనా కరిచిందా, ఏ సందర్భంలో? తిండి దగ్గరికి వెళితే గుర్రుమంటుందా? కిందటి వేసవిలో ఎలా ఉంది? సంతాన నిరోధక ఆపరేషన్ అయిందా? రేబిస్ టీకా, డిస్టెంపర్, పార్వో కలిసిన టీకా వేసిన తేదీలు ఏవి? పిడుదుల జ్వరానికి రక్తపరీక్ష తప్పనిసరిగా చేయించండి. ఎర్లికియా, బబీసియా అనే ఈ రెండు జబ్బులు మన వైపు చాలా ఎక్కువ, పైకి హుషారుగా కనిపించే కుక్కలో కూడా లోపల దాగి ఉంటాయి. కళ్ల పరీక్ష కూడా చేయించండి, ఈ జాతిలో చిన్న వయసులోనే శుక్లాలు వచ్చే గుణం ఉంది. ఒక కన్ను నీలం, ఒకటి గోధుమ రంగులో ఉంటే మాత్రం కంగారు పడకండి, అది జబ్బు కాదు. మూతి చుట్టూ, కళ్ల చుట్టూ పొక్కులు కట్టి ఉంటే జింకు లోపం అయి ఉండవచ్చు. హస్కీల్లో ఇది తరచుగా కనిపిస్తుంది, గజ్జి అనుకుని మందులు వాడుతూ కాలం గడిపేవాళ్లు ఉన్నారు. పెద్ద పరీక్షలు అవసరమైతే నెల్లూరు నుంచి తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రి అందుబాటు దూరంలోనే ఉంది.

తెచ్చే రోజు చెన్నైలో తెల్లవారకముందే బయలుదేరండి. సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు మీదుగా మూడు గంటల పైచిలుకు ప్రయాణం. ఖాళీ కడుపుతో, కారులో ఏసీ వేసి, ఛాతీ పట్టీని సీటు బెల్టుకు కట్టి తీసుకురండి. మధ్యలో టీకి ఆగితే కుక్కను కారులో ఒంటరిగా వదలవద్దు, తలుపు తీసేముందు తాడు చేతికి చుట్టుకోండి. ఇంటికి వచ్చాక బంధువులను పిలవకండి, స్నానం చేయించకండి. ఒక గది చూపించి, నీళ్లు పెట్టి, నిద్రపోనివ్వండి. మొదటి మూడు రోజులు బిక్కుబిక్కుమంటూ ఉండవచ్చు, మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలుస్తుంది, మూడు నెలలకు గానీ దాని అసలు స్వభావం బయటికి రాదు. చాలామంది మూడో వారంలో, అంటే అది ధైర్యం తెచ్చుకుని అల్లరి మొదలుపెట్టే సమయంలోనే “ఇది మాకు సరిపడదు” అని వెనక్కి ఇచ్చేస్తారు. ఆ వారం వస్తుందని ఇప్పుడే తెలిసి ఉంటే మీరు కంగారు పడరు.

తిండి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఈ జాతి ఒంటి బరువుకు తగ్గట్టు చూస్తే తక్కువే తింటుంది, వేసవిలో ఇంకా తగ్గిస్తుంది, దానికి భయపడి బలవంతం చేయకండి. మొదటి వారం షెల్టరులో పెట్టినదే పెట్టి తర్వాత నెమ్మదిగా మార్చండి. ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ కుక్కలకు విషం. మన చేపల పులుసు ఎంత ఇష్టంగా అడిగినా పెట్టవద్దు, ఉప్పుకారాలు లేకుండా ఉడికించి ముళ్లు తీసిన చేప పెట్టండి. మామిడి పళ్ల కాలంలో టెంకలు దానికి అందే చోట పడేయవద్దు. పేగులో అడ్డం పడిన టెంకను ఆపరేషన్ చేసి తీయవలసి వస్తుంది, ప్రతి వేసవిలో ఇలాంటి కేసులు చూస్తాం. స్నానం నెలకు ఒకటి చాలు. చేయించాక లోపలి ఉన్ని పూర్తిగా ఆరేదాకా ఫ్యాను కింద దువ్వండి, తేమ గాలిలో తడి ఉన్ని కింద చర్మం పుండు పడుతుంది.

ఇంకొక్క మాట. దత్తత కాగితం మీద సంతకం చేసే ముందు, రెండు మూడు వారాలు ఇంట్లో ఉంచుకుని చూసే వీలు ఇస్తారేమో అడగండి. ఏ కారణం చేతనైనా కుదరకపోతే కుక్కను తిరిగి ఆ షెల్టరే తీసుకోవాలని, మీరు మూడో మనిషికి ఇవ్వరని ఆ కాగితంలో రాయించండి. ఈ కుక్క ఇప్పటికే ఒక ఇల్లు పోగొట్టుకుంది. సంతకానికి ముందే గోడ ఎత్తు పెంచే పని మొదలుపెట్టండి, మేస్త్రీలు కార్తీకం వెళ్లాక దొరకడం కష్టం. రక్తపరీక్ష రిపోర్టు చేతికి వచ్చాక దానిలో ఎర్రకణాలు, ప్లేట్‌లెట్ల అంకెలు ఇక్కడ రాస్తే చూసి చెబుతాను.